లండన్ జేబుదొంగలు, చిల్లర దొంగలు (16–19 శతాబ్దాలు)

ఎలిజబెత్ రాణి కాలం నుంచి విక్టోరియా రాణి కాలం దాకా లండన్‌లో జేబులు కొట్టి, దుకాణాల్లో సరుకు మాయం చేసి, ఆరేసిన బట్టలు ఎత్తుకుపోయి బతికినవాళ్లకు కొదవ లేదు. ఆ కాలపు మామూలు పేదవాళ్ల కన్నా వీళ్ల గురించే మనకు ఎక్కువ తెలుసు. పట్టుబడ్డవాడి పేరూ మాటా కాగితం మీదికి ఎక్కాయి గనక. ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల వివరాలు 1674 నుంచి 1913 దాకా అచ్చులో వచ్చాయి. దాదాపు రెండు లక్షల కేసులున్న ఆ సంపుటాల్లో హత్యలు తక్కువ, దొంగతనాలు ఎక్కువ. పోయిన సొత్తు జాబితాలు చూస్తే జాలేస్తుంది: ఒక రుమాలు, రెండు దుప్పట్లు, ఒక వెండి చెంచా, ఒక జత బూట్లు.

దొంగల నేర్పు గురించి కథలు కొల్లలుగా ఉన్నాయి. ఈ వృత్తి తీరును తరతరానికీ మార్చినవి మాత్రం రెండే. జనం విలువైన వస్తువును ఒంటి మీద ఎక్కడ పెట్టుకున్నారన్నది ఒకటి, కాజేసిన సొత్తును ఎవరు కొన్నారన్నది రెండోది. ఉరికంబం మూడోది కావాలి. అది ఎంత మార్చిందో కింద చూడవచ్చు.

నడికట్టుకు వేలాడే సంచి

పదహారో శతాబ్దంలో డబ్బును తోలుసంచిలో పోసి నడికట్టుకు వేలాడదీసుకోవడం మామూలు. బట్టల్లో జేబు అప్పుడప్పుడే చోటు చేసుకుంటోంది. అందుకని దొంగల్లోనూ రెండు తెగలు తయారయ్యాయి. సంచి తాడు కోసేవాడు ఒకడు. వాడికి ఒక చాకు, బొటనవేలికి ఒక కొమ్ము తొడుగు ఉంటే చాలు. చాకు అంచును తొడుగు మీదికి ఆనించి కోస్తే వేలు తెగదు. రెండోవాడు ఆయుధం ముట్టడు, వేళ్లనే జేబులోకి పోనిస్తాడు. 1591 నుంచి లండన్ మోసగాళ్ల మీద వరసగా చిన్న పుస్తకాలు వేసిన రచయిత రాబర్ట్ గ్రీన్ ఈ రెండు తెగల మధ్య ఉన్న అంతరాన్ని సరదాగా రాశాడు. చేతివాటం ఉన్నవాడికి తాడు కోసేవాడంటే చిన్నచూపట. ఆ పేరు తనకు ఎక్కడ అంటుకుంటుందోనని భోజనంలో మాంసం కోసుకోవడానికి కూడా చాకు దగ్గర ఉంచుకోడట. గ్రీన్ అతిశయోక్తులకు పెట్టింది పేరు కాబట్టి దీన్ని ఎంతవరకు నమ్మాలో పాఠకుడి ఇష్టం.

ఈ పని నడిచే చోట్లు మాత్రం కల్పితాలు కావు. సెయింట్ పాల్ కెథడ్రల్ పాత భవనం మధ్య దారి ఆ రోజుల్లో నగరమంతటికీ రచ్చబండ. వ్యాపారులు బేరాలు, నిరుద్యోగులు పని, కబుర్లరాయుళ్లు వార్తలు వెతుక్కుంటూ అక్కడికే చేరేవాళ్లు. 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయేదాకా అది జేబుదొంగలకు పెట్టనికోట. కోర్టులు తెరిచే నెలల్లో వాళ్ల చూపు వెస్ట్‌మిన్‌స్టర్ హాలు మీదికి మళ్లేది. వ్యాజ్యం కోసం డబ్బు మూటగట్టుకుని పల్లె నుంచి వచ్చిన కక్షిదారు అక్కడ అడుగడుగునా దొరుకుతాడు. వకీలుకు ముట్టాల్సినది ముందే పోయేది. నాటకశాలల సంగతి సరేసరి. షేక్స్‌పియర్ బృందంలో హాస్యనటుడిగా పేరుపొందిన విల్ కెంప్ 1600లో అచ్చయిన తన పుస్తకంలో, పట్టుబడ్డ దొంగను రంగస్థలం మీది స్తంభానికి కట్టేసి ప్రేక్షకులకు చూపించేవాళ్లని రాశాడు.

1585లో నగర న్యాయాధికారి విలియం ఫ్లీట్‌వుడ్, రాణి మంత్రి బర్లీ ప్రభువుకు రాసిన లేఖ ఈ కాలానికి సంబంధించి ప్రసిద్ధమైన ఆధారం. మంచి ఇంట పుట్టి, వ్యాపారం చేసి చితికిపోయిన వోటన్ అనేవాడు బిల్లింగ్స్‌గేట్ రేవు దగ్గర బీరు దుకాణం పెట్టుకున్నాడు. ఆ దుకాణమూ మూతపడ్డాక అదే ఇంట్లో దొంగలకు బడి తెరిచాడు. ఒక జేబును, ఒక డబ్బు సంచిని వేలాడదీసి, వాటి చుట్టూ డేగల కాళ్లకు కట్టే చిరుగంటలు కట్టాడు. పైన చర్చి పూజలో మోగించే చిన్న గంట ఇంకొకటి. గంట మోగకుండా జేబులోని బిళ్ల తీసినవాడికి ఒక పట్టా, సంచిలోని వెండి నాణెం తీసినవాడికి ఇంకొక పట్టా. అచ్చంగా ఇలాంటి గంటల కోటు వర్ణనే దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, విక్టోరియా కాలపు పుస్తకాల్లో మళ్లీ కనిపిస్తుంది. బడి అన్నేళ్లు నడిచిందనుకోవడం కన్నా, ఒక మంచి కథ చేతులు మారుతూ వచ్చిందనుకోవడం సబబు.

సాహసానికి మాత్రం హద్దు లేదు. 1611 క్రిస్మస్ రోజున వైట్‌హాల్ రాజప్రార్థనామందిరంలో, మొదటి జేమ్స్ రాజు ప్రార్థనలో ఉండగానే, పెద్దమనిషి వేషంలో వచ్చిన జాన్ సెల్మన్ ఒక ప్రభువు సేవకుడి సంచి కొట్టేసి దొరికిపోయాడు. కొద్ది రోజులకే ఉరి తీశారు. బెన్ జాన్సన్ 1614 నాటకం ‘బార్తొలోమ్యూ ఫెయిర్’లో ఒక పాటగాడు జేబుదొంగలతో జాగ్రత్త అంటూ పాట పాడుతుంటాడు. వినేవాళ్లు అనుమానంతో తమ సంచి తడుముకుని చూసుకుంటారు. సంచి ఎక్కడుందో తెలుసుకోవడానికి వాడి జతగాడికి అంతకన్నా ఏం కావాలి!

ఉరిశిక్ష, జూరీ లెక్కలు

ఆంగ్ల న్యాయంలో దొంగతనం రెండు రకాలు. పోయిన సొత్తు విలువ 12 పెన్నీలు, అంటే ఒక షిల్లింగు లోపుంటే చిన్నది. కొరడా దెబ్బలతో సరి. ఆ పైన పెద్దది, దానికి ఉరి. అయితే మొదటిసారి దొరికినవాడు బైబిల్ వాక్యం చదివి చూపిస్తే మతాచార్యుల కింద లెక్కగట్టి, బొటనవేలి మీద వాత పెట్టి వదిలేసే పాత మినహాయింపు ఒకటుండేది. ఎలిజబెత్ కాలంలో జేబుదొంగలకు ఈ మినహాయింపు తీసేశారు. మనిషి ఒంటి మీది నుంచి వాడికి తెలియకుండా షిల్లింగుకు మించిన సొత్తు తీస్తే ఇక ఉరే. 1699లో దుకాణంలో 5 షిల్లింగుల సరుకు రహస్యంగా తీసినా, 1713లో ఇంట్లో 40 షిల్లింగుల సొత్తు తీసినా అదే గతి పట్టింది. పద్దెనిమిదో శతాబ్దం ముగిసేసరికి మరణశిక్ష పడే నేరాలు రెండు వందలు దాటాయి.

చట్టం ఇంత కఠినమయ్యేసరికి దాన్ని అమలు చేయాల్సిన జనమే వెనకాడారు. ‘వాడికి తెలియకుండా’ అన్న మాటను పట్టుకుని కోర్టులో గీచి గీచి అడిగేవాళ్లు. జేబులో చెయ్యి పడ్డట్టు తెలిసిందా? తెలిస్తే ఈ సెక్షను వర్తించదు. తాగి ఉన్నావా? ఉంటే అదీ ఫిర్యాదికే నష్టం. ఈ ఆరోపణ మీద బోనెక్కినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. రాత్రిపూట తాగిన మగవాడి గడియారం పోవడం, మర్నాడు వాడు తన వెంట ఉన్న ఆడమనిషి మీద కేసు పెట్టడం ఆ సంపుటాల్లో పదే పదే కనిపించే కథ. జూరీ సభ్యులకు ఫిర్యాది మీదా పెద్ద గౌరవం ఉండేది కాదు.

ఇంకో దారి, సొత్తు ధర తగ్గించడం. పది షిల్లింగుల రుమాళ్ల కట్ట విలువ పది పెన్నీలని తేల్చేవాళ్లు. దుకాణం కేసయితే 4 షిల్లింగుల 10 పెన్నీలు, ఇంటి కేసయితే 39 షిల్లింగులు. న్యాయపండితుడు బ్లాక్‌స్టోన్ దీనికి ధర్మం కోసం ఆడిన అబద్ధ ప్రమాణమని పేరు పెట్టాడు. ఇక కోర్టు దాకా రాని కేసులెన్నో. అప్పట్లో నేరం మీద వ్యాజ్యం నడిపేది ప్రభుత్వం కాదు, సొత్తు పోగొట్టుకున్నవాడే. ఖర్చూ వాడిదే, పనిదినాల నష్టమూ వాడిదే. అందుకే వీధిలో దొరికిన జేబుదొంగను జనం దగ్గర్లోని గుర్రాల చెరువులోకి ఈడ్చుకుపోయి నాలుగు ముంచులు ముంచి వదిలేసేవాళ్లు.

1718 చట్టం తర్వాత ద్వీపాంతర శిక్ష మామూలైంది. 1775 దాకా అమెరికా వలసలకు, 1787 నుంచి ఆస్ట్రేలియాకు నేరస్తులను ఓడలెక్కించారు. అమెరికాకు వెళ్లినవాళ్లు దాదాపు 50 వేలు, 1868లో ఓడలు ఆగేలోగా ఆస్ట్రేలియాకు వెళ్లినవాళ్లు లక్షా అరవై వేల పైచిలుకు. వాళ్లలో ఎక్కువమంది చేసింది దొంగతనమే.

జేబుదొంగల ఉరిని 1808లో పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ రోమిలీ రద్దు చేయించాడు. దాంతో కేసుల సంఖ్య పెరిగింది. భయం పోయింది కాబట్టి దొంగలు పెరిగారని విరోధులు అన్నారు. ఒకడి ప్రాణం పోతుందన్న శంక లేదు కాబట్టి ఇప్పుడు జనం ధైర్యంగా ఫిర్యాదు చేస్తున్నారని రోమిలీ జవాబు. మునుపటి జూరీల లెక్కలు చూసినవాళ్లకు ఆయన మాటే నిజమనిపిస్తుంది. అయినా 1810లో దుకాణ దొంగల ఉరి కూడా తీసేయాలని బిల్లు పెడితే ప్రభువుల సభ తోసిపుచ్చింది. వ్యతిరేకంగా ఓటు వేసినవాళ్లలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుతో పాటు మరో ఆరుగురు బిషప్పులున్నారు. ఆ శిక్ష 1820ల్లో పోయింది. రోమిలీ 1818లోనే చనిపోయాడు.

సొత్తు కొనేవాళ్లు

దొంగకు గడియారం అక్కర్లేదు, డబ్బు కావాలి. ఆ రెంటి మధ్య ఉన్నవాడే ఈ వ్యాపారానికి ఆయువుపట్టు. అయినా దొంగ మీద నేరం రుజువయ్యేదాకా సొత్తు కొన్నవాణ్ణి పూర్తిగా శిక్షించడం చాలాకాలం చట్టానికి సాధ్యపడలేదు. తాకట్టు దుకాణాలు, పాత బట్టల అంగళ్లు, బీరు దుకాణాలు అన్నీ ఇందులో ఓ చెయ్యి వేశాయి. టవర్ కోట పక్కన రోజ్‌మేరీ లేన్ పాతగుడ్డల సంతలో పొద్దున పోయిన చొక్కా సాయంత్రానికి ఇంకొకడి ఒంటి మీద ఉండేది. మిల్లు గుడ్డ చవక కాని రోజుల్లో బట్టంటే సొమ్మే. అందుకే ఓల్డ్ బెయిలీ జాబితాల్లో బంగారం కన్నా బట్టలే ఎక్కువ.

కొన్ని వస్తువులకు మాత్రం అంగడి ధర కన్నా యజమాని ఇచ్చే ధరే ఎక్కువ. ఈ గుట్టును పదిహేడో శతాబ్దంలోనే మేరీ ఫ్రిత్ పట్టుకుంది. మగదుస్తులు వేసి, పొగాకు పైపు పీలుస్తూ తిరిగిన ఈమె మీద మిడిల్టన్, డెక్కర్ రాసిన ‘ద రోరింగ్ గర్ల్’ నాటకం 1611లో అచ్చయింది. ఫ్లీట్ స్ట్రీట్‌లో కాపురముండి, సొత్తు పోయినవాళ్లకూ తీసినవాళ్లకూ మధ్య బేరం కుదిర్చేదని పేరు.

వందేళ్ల తర్వాత జోనాథన్ వైల్డ్ దాన్నే ఒక కార్యాలయంగా మార్చాడు. వస్తువు పోగొట్టుకున్నవాళ్లు వచ్చి వివరాలు రాయించి ఫీజు కట్టేవాళ్లు. అది దొరికినట్టు పత్రికలో ప్రకటన వచ్చేది. బహుమానం ముట్టచెప్పాక వస్తువు చేతికొచ్చేది. తీసిన దొంగలు చాలాసార్లు వైల్డ్ మనుషులే. ఎదురు తిరిగినవాణ్ణి పట్టిచ్చి ప్రభుత్వం ఇచ్చే బహుమతి పుచ్చుకునేవాడు. దొంగలను పట్టే సేనాపతినని తనకు తానే బిరుదు ఇచ్చుకున్నాడు; నగరమూ ఒప్పుకుంది. 1718 చట్టంలో, దొంగను పట్టివ్వకుండా సొత్తు తిరిగిచ్చి డబ్బు తీసుకోవడం కూడా నేరమన్న నిబంధన అతణ్ణి ఉద్దేశించినదే. చివరకు కొంత లేసు తిప్పి ఇప్పించి 10 పౌండ్లు పుచ్చుకున్న కేసులో అదే నిబంధన కింద దొరికిపోయి, 1725 మే 24న టైబర్న్‌లో ఉరికంబం ఎక్కాడు.

అతని పద్ధతి అతనితో పోలేదు. పంతొమ్మిదో శతాబ్దపు కుక్కల దొంగలు అచ్చం అదే చేశారు. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ పెంపుడు కుక్క ఫ్లష్‌ను మూడుసార్లు ఎత్తుకుపోయి మూడుసార్లూ డబ్బు గుంజారు. 1846లో ఆమె తండ్రి మాటా, కాబోయే భర్త బ్రౌనింగ్ మాటా కాదని తనే దొంగల పేట దాకా వెళ్లింది.

పట్టు రుమాళ్ల కాలం

మగవాళ్ల కోటుకు వెనక తోక, ఆ తోకలో జేబు, జేబులో రుమాలు. పద్దెనిమిదో శతాబ్దంలోనూ పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనూ జేబుదొంగ బతుకుతెరువు ఇదే. తన కంటికి కనిపించని చోట మనిషి ఖరీదైన వస్తువు పెట్టుకుని జనంలో తిరిగేవాడు. ఆడవాళ్ల జేబులు అప్పట్లో దుస్తులకు కుట్టినవి కావు. నడుముకు నాడాతో కట్టుకుని పై లంగా కిందికి వేలాడదీసుకునే విడి సంచులు. నాడా తెగితే మొత్తం పోయినట్టే.

రుమాలుకు అంత విలువేమిటంటే, అందులో చాలావరకు మన దేశం నుంచి వెళ్లిన పట్టు. ముక్కుపొడుం అలవాటున్న పెద్దమనుషులకు తెల్ల రుమాలు పనికిరాదు, మరక దాచే ముదురు రంగు కావాలి. బెంగాల్‌లోని కాశింబజార్ ప్రాంతపు ముడివేసి అద్దిన పట్టు రుమాళ్లు అందుకు సరిగ్గా సరిపోయాయి. స్వదేశీ నేతగాళ్ల రక్షణ కోసం ఆసియా పట్టును, అద్దకం బట్టలను ధరించరాదని ఇంగ్లండు 1700లోనే చట్టం చేసినా ఈస్టిండియా కంపెనీ ఓడలు తెచ్చిన రుమాళ్లు దొంగదారుల్లో లండన్ జేబులకు చేరుతూనే ఉండేవి. మచిలీపట్నం, పులికాట్ రేవుల నుంచి వెళ్లిన గళ్ల నూలు రుమాళ్లకూ విదేశాల్లో మంచి గిరాకీ ఉండేది. పులికాట్ అన్న పేరే ఒక రకం రంగు రుమాలుకు స్థిరపడింది.

కొట్టేసిన రుమాలు హోబర్న్ దగ్గరి ఫీల్డ్ లేన్ సందుకు చేరేది. యజమాని పేరు తాలూకు కుట్టు అక్షరాలను సూదితో విప్పేసి, దుకాణం గుమ్మం ముందు వరసలుగా వేలాడదీసేవాళ్లు. అసలు ధరలో చిన్న వంతే పిల్లవాడి చేతిలో పడేది. డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ (1837–39)లో ఈ సందు వర్ణన ఉంది. అందులోని ఫాగిన్ పాత్రకు ఐకీ సోలమన్ అనే దొంగసొత్తు వ్యాపారి మూలమని చాలామంది చెబుతారు. సోలమన్ ఉన్నాడు, సొత్తు కొన్నాడు, ద్వీపాంతరమూ వెళ్లాడు. కానీ పిల్లలకు దొంగతనం నేర్పే ముసలి గురువు నగరానికి నచ్చిన బొమ్మ. పిల్లలు ఎక్కువగా సాటి పిల్లల నుంచే, చవక సత్రాల్లోనూ జైళ్లలోనూ నేర్చుకున్నారు. 1816లో బాలనేరాల మీద వేసిన ఒక కమిటీ నివేదిక తల్లిదండ్రుల నిర్లక్ష్యం, చదువు లేకపోవడం, పని దొరకకపోవడంతో పాటు పోలీసు పద్ధతులనూ, కఠినమైన శిక్షలనూ తప్పు పట్టింది. ఫీల్డ్ లేన్‌లోనే 1840ల మొదట్లో చిరుగుబట్టల పిల్లల కోసం దాతలు ఉచిత బడి తెరిచారు. 1843లో డికెన్స్ స్వయంగా వెళ్లి చూశాడు.

పేరుమోసినవాళ్లు

మేరీ యంగ్, జెన్నీ డైవర్ అన్న మారుపేరుతో ప్రసిద్ధురాలు. చర్చిలో కృత్రిమ చేతులు ఒడిలో పెట్టుకుని అసలు చేతులతో పక్కవాళ్ల గడియారాలు తీసేదని చెప్పుకుంటారు. రెండుసార్లు అమెరికా పంపినా మారుపేర్లతో తిరిగొచ్చింది. 1741 మార్చిలో ఉరి తీశారు.

ఐర్లండులో పుట్టిన జార్జ్ బారింగ్టన్ (1755–1804) తీరు వేరు. ఖరీదైన దుస్తులు, మంచి భాష, నాటకశాలలో ముందు వరస. 1775లో కోవెంట్ గార్డెన్ నాటకశాలలో రష్యా ప్రభువు ఓర్లోవ్ వజ్రాల పొడుం డబ్బీ తీసి దొరికిపోయి, అక్కడికక్కడే తిరిగిచ్చేశాడు. ప్రభువు ఫిర్యాదు మానుకున్నాడు. కోర్టులో తన వాదన తనే వినిపిస్తే పత్రికలు పూర్తిగా అచ్చువేసేవి. 1790లో గుర్రప్పందేల దగ్గర బంగారు గడియారం కేసులో ఏడేళ్ల ద్వీపాంతరం పడింది. ఆస్ట్రేలియా చేరాక బుద్ధిగా ఉండి, పరమట్టా ఊరికి పోలీసు పెద్ద అయ్యాడు. అతని పేరుతో లండన్‌లో అమ్ముడుపోయిన పుస్తకాలు అతను రాసినవి కావు. జేబుదొంగ పేరును ప్రచురణకర్తలు కొట్టేశారన్నమాట.

రేవులో ఇంటిదొంగలు

చిల్లర దొంగతనంలో పెద్ద భాగం జేబుల్లో జరగలేదు, పనిచేసే చోట జరిగింది. థేమ్స్ రేవులో పంచదార పీపాలు దించే కూలీలు కింద రాలిన పంచదారను తమ హక్కుగా తీసుకునేవాళ్లు. రాజనౌకల తయారీ కేంద్రాల వడ్రంగులకు చెక్కపేళ్లు ఇంటికి మోసుకెళ్లే హక్కుండేది. పేళ్లు రానురాను దూలాలంత అయ్యాయని అధికారుల గోల. జీతం సరిగా ఇవ్వని చోట ఈ ఆనవాయితీలే జీతంలో భాగమన్న సంగతి వాళ్లు ఎత్తేవాళ్లు కాదు. మేజిస్ట్రేటు పాట్రిక్ కల్‌హూన్ రేవు దొంగతనాల నష్టం ఏటా 5 లక్షల పౌండ్లని అంచనా కట్టాడు. ఆ అంకెలో రాలిన పంచదార ఎంతో, దొంగిలించిన పంచదార ఎంతో వేరు చేయడం కష్టం. 1798లో వాపింగ్‌లో రేవు పోలీసు దళం వచ్చింది. 1801లో చెక్కపేళ్ల హక్కును నగదుగా మార్చారు. 1802లో ఎత్తైన గోడల మధ్య వెస్టిండియా డాకులు తెరిచారు. అప్పటిదాకా వాడుక అనిపించుకున్నది గోడ లేచాక నేరమైంది. ఒడ్డున బురదలో దిగి బొగ్గు, తాళ్ల ముక్కలు, రాగి మేకులు ఏరుకునే పిల్లల సంగతి పాత్రికేయుడు హెన్రీ మేహ్యూ 1851 నాటి గ్రంథంలో వివరంగా ఉంది. వాళ్లు ఏరింది ఎప్పుడు సొంతమో, ఎప్పుడు దొంగసొత్తో పట్టుకున్న కానిస్టేబులే తేల్చేవాడు.

కొత్త పోలీసు

1824 దేశదిమ్మరుల చట్టం, అనుమానాస్పదంగా తిరిగేవాణ్ణి ఏమీ తీయకముందే పట్టుకునే వీలిచ్చింది. 1829లో మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడింది. 1847, 1855 చట్టాలతో ముందు పిల్లల కేసులు, తర్వాత చిన్న దొంగతనాలు జూరీ లేకుండా మేజిస్ట్రేటు ముందే ముగిసే పద్ధతి వచ్చింది. ఉరి పోయింది గానీ జైలు తప్పించుకోవడం కష్టమైంది. దొంగలూ కాలంతో పాటు మారారు. రుమాలు చవకయ్యేకొద్దీ గొలుసు గడియారం మీదికి మళ్లారు. 1829లో మొదలైన గుర్రపు ఓమ్నిబస్సుల్లో, తర్వాత రైల్వే స్టేషన్లలో ముగ్గురు నలుగురు జట్టుగా పనిచేసేవాళ్లు. ఒకడు దారికి అడ్డం పడతాడు, ఒకడు తీస్తాడు, మూడోవాడు అందుకుని మాయమవుతాడు. పట్టుబడ్డవాడి దగ్గర ఏమీ ఉండదు.

జేబుదొంగకు మిగిలిన చివరి ఆసరా మారుపేరు. పాత శిక్షలు బయటపడకపోతే ప్రతిసారీ అది మొదటి తప్పే. 1897లో బెంగాల్‌లో పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ కింద అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ రూపుదిద్దిన వేలిముద్రల వర్గీకరణను ప్రభుత్వం ఆమోదించింది. 1901లో హెన్రీ లండన్ పోలీసు కేంద్రమైన స్కాట్లండ్ యార్డుకు వచ్చి వేలిముద్రల విభాగం తెరిచాడు. మరుసటి ఏడు ఎప్సమ్ డెర్బీ పందేలప్పుడు పట్టుబడ్డవాళ్ల వేలిముద్రలు అక్కడికక్కడే తీసి రాత్రికి రాత్రి లండన్‌లో పాత కాగితాలతో సరిచూశారు. ఇదే మొదటిసారి పట్టుబడ్డానని మర్నాడు పొద్దున మేజిస్ట్రేటు ముందు చెప్పుకున్న ఒకడి అసలు పేరు, ఊరు, అంతకుముందు పడిన పది శిక్షల చిట్టా అప్పటికే బల్ల మీద ఉన్నాయి.